పరుగునకు ముందు నిలుకడ

గత మాసమున ఈ శీర్షికలో, వానకాలమున పప్పుదినుసులకు పురుగు పట్టకుండ కాపాడుకొను విధమును గూర్చి వ్రాసితిని. ఈ మాసమున మోటారుబండిని గూర్చి వ్రాయుచున్నాను. ఇది చూచి “ఈమెకేమైనది?” అని మీరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, కాని పుట త్రిప్పివేయకుడు. అరువదేండ్ల నాటి యొక పాత కారును బాగుచేయు విషయమున మా యింటి పిల్లలకు తగవు వచ్చినది. ఆ తగవు తీఱిన విధము తల్లులందఱును వినదగినది. ఏలయన, మన మగపిల్లలు మోటారు సైకిళ్లకు వేగము పెంచు మార్పులు చేయించుకొని వచ్చి, మనకు చూపి మురిసిపోవుచున్న దినములివి. వారిని ఏమని యడుగవలెనో తెలియక మనము “జాగ్రత్త నాయనా!” అని మాత్రము అనుచున్నాము. ఆ మాట చాలదు.

మా చెల్లెలి కుమార్తె అమెరికా దేశమున మిచిగన్ రాష్ట్రములో, డెట్రాయిట్ నగరమునకు సమీపమున కాపురమున్నది. ఆ ప్రాంతము అమెరికా మోటారు పరిశ్రమకు పుట్టినిల్లు. మన తెలుగువారు పెక్కుమంది అచ్చట ఇంజనీర్లుగా స్థిరపడియున్నారు. మా అమ్మాయియు యంత్రశాస్త్రము చదివి, అట్టి ఉద్యోగమే చేయుచున్నది. అల్లుడు కంప్యూటరు ఉద్యోగి. వారికి ఏడేండ్ల కుమారుడు. క్రిందటి సంవత్సరము నేను ఆఱు మాసములు వారి యింటనుంటిని. నేను వెళ్లిన రెండవ వారముననే ఆ కారు ఇంటికి వచ్చెను.

అది 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్. ఎఱ్ఱని రంగు, అద్దమువలె మెఱయుచుండెను. అల్లుడు కాకినాడలో చదువుకొను దినములలో తన గది గోడకు ఆ కారు బొమ్మను అంటించుకొనియుండెనట. నలువదవ యేట ఆ కోరిక తీర్చుకొనెను. నాకు మాత్రము మనసులో కష్టమే తోచినది. “కొత్త కారు వాకిట నుండగా ఈ పాత సామాను ఎందులకమ్మా?” అని అమ్మాయిని చాటుగా అడిగితిని. “పెద్దమ్మా! మీ యింట నానమ్మగారి కాలపు ఇత్తడి గంగాళమును మీరేల అమ్మలేదు?” అని యామె నన్ను తిరిగి యడిగెను. నాకు మాట రాలేదు.

ఈ బండి సంగతి కొంచెము చెప్పవలెను. అమెరికాలో “మజిల్ కారు” అను నొక తరగతి కలదు. మజిల్ అనగా కండ. చిన్నదియో, మధ్యతరహాదియో యగు బండిలో మిక్కిలి పెద్ద ఇంజను పెట్టినచో అది కండలు తిరిగిన బండి యగును. 1964లో పాంటియాక్ కంపెనీవారు తమ టెంపెస్ట్ అను మధ్యతరహా బండిలో, పెద్ద కార్లకు పెట్టు 389 ఘనపు అంగుళముల ఇంజనును అమర్చి జి.టి.ఓ. అను పేరుతో విడిచిరి. ఆ యుగము దానితోనే ఆరంభమైనదని సాధారణముగా చెప్పుదురు. అదే సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున ఫోర్డ్ వారు మస్టాంగును లోకమునకు చూపిరి. మస్టాంగ్ అనగా ఆ దేశపు మైదానములలో స్వేచ్ఛగా తిరుగు గుఱ్ఱము. ధర 2,368 డాలర్ల నుండి మొదలగుటచే సామాన్య కుటుంబములును కొనగలిగినవి. మొదటి సంవత్సరముననే నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. ప్రదర్శనమునకు రెండు దినములు ముందే చికాగో నగరమున దానిని కొనిన యామె 22 ఏండ్ల బడి పంతులమ్మ. ఆ బండి తరువాత ఏండ్ల తరబడి కొట్టములో కదలక పడియుండగా, ఆమె భర్త ఉద్యోగము విరమించిన పిమ్మట దానిని మరల నడిపించెను. వివరము తెలిసినవారు మస్టాంగును “పోనీ కారు” అని వేఱుగా చెప్పుదురు; అయినను ఎనిమిది సిలిండర్లు గల మస్టాంగులను జనులు కండబండ్లలోనే చేర్చుకొనిరి. 1970 నాటి వాయుశుద్ధి చట్టము, పెరిగిన భీమా రుసుములు, 1973 నాటి చమురు కఱవు కలిసి ఆ యుగమును ముగించినవి. నేడు వానిని బాగుచేసికొనుట అచ్చట వేలాదిమందికి ఇష్టమైన వ్యాసంగము.

ఇక మా యింటి కథ. బండి వచ్చిన సాయంకాలము అల్లుడు ఇంజను మూత యెత్తి అందఱకు చూపుచుండెను. ప్రక్కరేకు మీద 289 అను అంకె కలదు. అది 289 ఘనపు అంగుళముల, ఎనిమిది సిలిండర్ల ఇంజనునకు గుఱుతు. అమ్మాయి మాత్రము ఇంజను వైపు చూడక చక్రముల యొద్ద కూర్చుండి ఏమో లెక్కించుచుండెను. “నాలుగే యున్నవి” అనెను.

“ఏమి నాలుగు?” అని యడిగితిని.

“నట్లు, పెద్దమ్మా. ఎనిమిది సిలిండర్ల మస్టాంగునకు చక్రమునకు ఐదు నట్లు ఉండవలెను. నాలుగు ఉన్నచో అది ఆఱు సిలిండర్ల బండి చక్రము.”

పిమ్మట ఆమె ఇంజను ప్రక్కన లోపలి రేకు మీద కొట్టబడిన బండి సంఖ్యను గుడ్డతో తుడిచి చదివెను. మొదటి 5 అనగా 1965. ఎఫ్ అనగా డియర్‌బోర్న్ కర్మాగారము. 07 అనగా గట్టి పైకప్పు గల బండి. తరువాతి అక్షరము టి. అది సి గాని, ఏ గాని, కె గాని యైనచో 289 ఇంజను. టి అనగా 200 ఘనపు అంగుళముల ఆఱు సిలిండర్ల ఇంజను, 120 అశ్వశక్తి. అనగా ఎవరో నడుమ ఆ చిన్న ఇంజనును తీసివేసి పెద్దదానిని కూర్చుండబెట్టిరి. కాని చక్రములు, బ్రేకులు, వెనుక ఇరుసు చిన్న ఇంజను నాటివే. గుండె మార్చిరి, కాళ్లు మార్చలేదు.

మఱునాడు ఆమె లోపలి తివాసి ఎత్తి చూచెను. ఆ తరము మస్టాంగులలో ఎదుటి అద్దము క్రింద గాలి వచ్చుటకు ఒక జాలీ యుండును. దాని క్రింది పెట్టెలో గాలిగొట్టముల చుట్టునున్న అంచులు తుప్పు పట్టినచో, వాననీరు లోపలకు కాఱి తివాసి క్రింద నిలువయుండును. పైకి తెలియదు. అమ్మాయి స్క్రూడ్రైవరుతో అడుగురేకును మెల్లగా పొడిచెను. అది అప్పడమును పొడిచినట్లు దిగిపోయెను. ఆ రంధ్రము గుండ నాకు క్రింది నేల కనబడినది. అంతకుమున్ను బాగుచేసినవారెవరో పలుచని రేకు నొకటి పైన పఱచి, తారు పూసి కప్పిపుచ్చియుండిరి. పైన పటారము, లోన లొటారము అనుమాట విన్నదే గాని కంటితో అంత స్పష్టముగ చూచుట నాకదియే మొదలు. చెదలు తిన్న దూలమునకు సున్నము కొట్టినట్లున్నది.

అప్పుడు తగవు మొదలైనది. ఈ పనికై దంపతులు దాచుకొనిన ధనము 12,000 డాలర్లు. అల్లుని తలంపు వేఱు. ఇంజనులో పిస్టను కదలు దూరమును పెంచి, 289ని 331 ఘనపు అంగుళములు చేసి, 400 అశ్వశక్తికి చేరువ చేయించవలెనని అతని యాశ. ఆ ధనమంతయు దానికే సరిపోవును. “బ్రేకులు ఎప్పుడైనను వేయించుకొనవచ్చును, ఇంజను ఇప్పుడు విప్పియున్నది గదా” అనెను. “ఎప్పుడైనను అనగా ఏ దినము? ఆ దినము వచ్చులోపల బాబును వెనుక కూర్చుండబెట్టుకొని పోవుదురా, పోరా?” అని యామె యడిగెను. నాలుగు దినములు ఆ యింట మాటలు లేవు. అతడు చెడ్డవాడు కాడు. పిల్లవానిపై ప్రాణము పెట్టుకొన్నవాడు. కాని బలము కంటికి కనబడును, చెవికి వినబడును. భద్రత కనబడదు, వినబడదు. అందుచేత మొదటిదానికి ధనమిచ్చుట సులభము.

అయిదవ నాటి రాత్రి భోజనముల వేళ నేను వారికి మా బాబాయి కథ చెప్పితిని.

నాకప్పటికి ఎనిమిదేండ్లు. మాది కృష్ణా జిల్లాలో కాలువగట్టు ప్రక్క పల్లె. మా బాబాయి ఆ యేడు సంతలో ఒంగోలు కోడెల జతను కొని తెచ్చెను. వానిని చూచుటకు ఊరంతయు వచ్చినది. బండి మాత్రము మా తాతగారి కాలమునాటిది. వడ్రంగి వచ్చి చూచి, “అయ్యా, ఇరుసు పగులు వాఱినది. పాత ఎడ్లకు సరిపోయెను గాని ఈ కోడెలకు ఆగదు. ముందది మార్పించుడు” అని చెప్పెను. “కనుమ వెళ్లనిమ్ము” అని బాబాయి యనెను. కనుమనాడు ఆ కోడెలను కట్టి కాలువగట్టు మీద పరుగెత్తించెను. మలుపు యొద్ద ఇరుసు విఱిగెను, చక్రము ఊడిపోయెను, బండి బాబాయి కాలిమీద తిరుగబడెను. కోడెలకు చిన్న గాయమైనను కాలేదు. ఆయన మాత్రము పిమ్మట బ్రతికినన్నాళ్లు కఱ్ఱపట్టుకొని కుంటుచునే నడచెను. ఆ యిరుసునకు అయ్యెడి ఖర్చు కోడెల వెలలో పదవవంతైనను కాదు.

అల్లుడు ఏమియు బదులు చెప్పక చేయి కడుగుకొని లేచిపోయెను. నేను నిద్రకు పోవునపుడు గ్యారేజిలో దీపము వెలుగుచుండెను. అతడు ఒంటరిగా చక్రము ముందు కూర్చుండి ఆ నాలుగు నట్లను చూచుచుండెను. మఱునాటి ఉదయము, “అమ్మాయీ, నీ క్రమమేదో కాగితము మీద వ్రాయుము” అని భార్యతో ననెను.

ఆమె వ్రాసిన క్రమము మూడు పంక్తులు: మొదట ఆగుట, రెండవది నిలుచుట, మూడవది పరుగు. పని అంతయు ఆ వరుసనే సాగినది. నేను చూచినది, ఆమె నాకు వివరించినది మీకు చెప్పెదను.

మొదట ఆగుట. పరుగెత్తు బండిలో చేరియున్న శక్తి వేగముతో సమానముగ పెరుగదు. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును. గంటకు 30 మైళ్ల వేగమున పోవు బండి కంటె 60 మైళ్ల వేగమున పోవు బండిని ఆపుటకు బ్రేకులు నాలుగింతల పని చేయవలెను. ఆ శక్తియంతయు వేడిగా మాఱును. పాత బ్రేకులు డ్రమ్ము వంటివి. లోపల రెండు దళములు విచ్చుకొని డ్రమ్మును ఒరయును. మూత పెట్టిన గిన్నెలో వలె వేడి లోపలనే నిలుచును. వేడికి డ్రమ్ము వ్యాకోచించి దళములకు దూరమగును, ఒరపిడి తగ్గును. అప్పుడు ఎంత త్రొక్కినను బండి ఆగదు. డిస్కు బ్రేకులో బయట తిరుగు ఇనుప పళ్లెమును రెండు ప్రక్కల నుండి పట్టుకొందురు. పళ్లెములో పోసిన వేడి చారు వలె అది త్వరగా చల్లాఱును. పైగా ఆఱు సిలిండర్ల మస్టాంగు డ్రమ్ములు 9 అంగుళములవి; ఎనిమిది సిలిండర్లవానికి కంపెనీవారే 10 అంగుళములవి వేసిరి. మా బండికి పెద్ద ఇంజనుతోపాటు ఆ చిన్న డ్రమ్ములే మిగిలియుండెను.

ఇంకొక సంగతి. 1966 వఱకు మస్టాంగులలో బ్రేకు నూనెకు తొట్టి యొకటే. ఎచ్చటనైనను ఒక గొట్టము పగిలినచో నాలుగు చక్రముల బ్రేకులు నొక్కమాఱే పోవును. 1967 నమూనా నుండి తొట్టిని రెండు అఱలు చేసిరి. ముందు చక్రములకొకటి, వెనుకవానికొకటి. ఒకటి చెడినను రెండవది కాపాడును. అమ్మాయి రెండఱల తొట్టిని తెప్పించి బిగించెను. ముందు చక్రములకు డిస్కులు, వెనుక ఎనిమిది సిలిండర్ల బండికి తగిన బలమైన ఇరుసు, పెద్ద డ్రమ్ములు, ఐదు నట్ల చక్రములు వేసిరి. పాత రబ్బరు గొట్టమును విప్పి నా చేతికిచ్చి వంచుమనెను. వంచగానే పగుళ్లు నోళ్లు తెఱచినవి. టైర్ల సంగతియు అంతే. టైరు ప్రక్కన అచ్చువేసిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, కడపటి రెండు సంవత్సరమును తెలుపును. ఆ బండి టైర్ల మీద 2304 అని యుండెను. అనగా 2004వ సంవత్సరము 23వ వారమున పుట్టినవి. గాళ్లు చెక్కు చెదరలేదు గాని, రబ్బరు ఇరువది యేండ్ల ముసలిది.

రెండవది నిలుచుట. మస్టాంగునకు లారీలకున్నట్లు వేఱుగా ఉక్కు చట్రము లేదు. అడుగురేకు, ప్రక్కగోడలు, ముందు వెనుకల దూలములు కలిసియే దాని అస్థిపంజరము. కావున అడుగున తుప్పు మచ్చ కాదు, ఎముక అరుగుటయే. బలమైన ఇంజను అట్టి శరీరమును మెలిపెట్టును. అప్పుడు తలుపులు సరిగ పడవు, అద్దములు పగులును, ముందు చక్రముల స్ప్రింగులను మోయు గోపురముల వంటి రేకులు చీలును.

పాత యింట కుళ్లిన స్తంభమును మార్చునపుడు ముందుగా దూలమునకు పోటు పెట్టుదుము గదా! అట్లే రేకు కోయుటకు ముందు తలుపు కంతలలో అడ్డముగా ఉక్కు కడ్డీలు అతికిరి. లేనిచో బండి నడుము వంగవచ్చును. తుప్పు తిన్న భాగమును మంచి ఇనుము తగులువఱకు కోసివేసి, క్రొత్త రేకును వెల్డింగు చేసిరి. అమ్మాయి ఆ విద్యను సాయంకాలపు కళాశాలలో నేర్చుకొన్నది. తలకు ముసుగు, చేతులకు తోలు తొడుగులు వేసికొని ఆమె పని చేయుచుండగా మొదటి దినము నాకు గుండె ఝల్లుమనెను. పదవ దినమునకు నేనే కాఫీ తీసికొనిపోయి “ఇచ్చట చుక్క సరిగా పడలేదేమో చూడుము” అనసాగితిని. ఒకేచోట వరుసగా అతికినచో వేడికి రేకు వంకరపోవును. అందుచే ఇచ్చటొక చుక్క, అచ్చటొక చుక్క పెట్టి, చల్లాఱనిచ్చి, నడుమ పూరింతురు. నీరు కాఱు ఆ పై పెట్టెను ముందు బాగుచేసిరి. అది చేయక అడుగు మార్చుట, కప్పు కాఱుచుండగా నేల అలుకుటయే.

ముందరి దూలములను వెనుకవానితో కలుపుచు అడుగున రెండు ఉక్కు కడ్డీలు అతికిరి. స్ప్రింగు గోపురములను అద్దము క్రింది గోడకు బిగించు త్రికోణపు ఊత యొకటి వేసిరి. ఎగుమతి చేయు బండ్లకు ఫోర్డ్ వారే దానిని అమర్చుటచే దానికి “ఎగుమతి ఊత” యని పేరు వచ్చినది. ఆ బండిలో సామానుల అఱ యొక్క నేలయే పెట్రోలు తొట్టి పైకప్పు. అందుచేత తొట్టికిని వెనుక కుర్చీకిని నడుమ ఉక్కు రేకు గోడ నొకటి నిలిపిరి. కుర్చీలకు నడుముతోపాటు భుజమును గూడ పట్టు బెల్టులు వేసి, అవి బిగించు చోట్ల దిట్టమైన పలకలు చేర్చిరి. ఈ పనులలో నొక్కటియు దారిన పోవువారికి కనబడదు.

“ఇది మా బెదరుతనము కాదు, పెద్దమ్మా” అని అమ్మాయి ఒకనాడు చెప్పెను. 1959లో లె మాన్ పందెమున గెలిచిన కారొల్ షెల్బీ, 1965లో కాలిఫోర్నియాలో జి.టి.350 అను మస్టాంగులను తయారుచేసెను. అవి పందెములకే పుట్టిన బండ్లు. వానిలో ఆయన ఇంజను బలమును 271 నుండి 306 అశ్వశక్తికి మాత్రమే పెంచెను. కాని ముందు డిస్కులు, వెనుక పెద్ద డ్రమ్ములు, గట్టి ఇరుసు, గోపురములకు ఊతలు, మంచి షాక్ అబ్సార్బర్లు అన్నియు చేర్చెను. ముందు చక్రములను పట్టు పైచేతులను ఒక అంగుళము క్రిందికి దింపెను. దానివలన మలుపులలో బండి ఒరుగుట తగ్గి టైర్లు నేలను బాగుగ పట్టును. మా పిల్లలును ఆ పని చేసిరి. దానికి పట్టినది ప్రక్కకు రెండేసి క్రొత్త రంధ్రములు తొలుచు శ్రమ మాత్రమే. పందెము గెలువదలచినవాడే బలముకంటె నిలుకడకు ఎక్కువ పాటుపడినపుడు, పిల్లవానిని బడికి దింపువారి సంగతి చెప్పనేల!

నేను తిరిగి వచ్చునప్పటికి ఈ రెండు పంక్తులు పూర్తియైనవి. ధనము మూడవవంతు మిగిలినది. ఈ యేటి వేసవిలో నేను మరల వెళ్లునప్పటికి ఇంజను పని ముగియుచుండెను. సిలిండర్లను కొలిచి, అరుగుదలను బట్టి అంగుళములో వేయింట 30 వంతులు పెద్దవి చేసి క్రొత్త పిస్టనులు వేసిరి. పూర్వపు పెట్రోలులో సీసము కలిపెడివారు. అది వాల్వులు కూర్చుండు చోట్లకు మెత్తవలె పనిచేసెడిది. అమెరికా రోడ్లపై అట్టి పెట్రోలు 1996తో పూర్తిగ నిలిచిపోయినది. అందుచే పొగ వెడలు వాల్వులకు గట్టి ఉక్కు పీటలు చెక్కించిరి. నాలుగు నోళ్ల కార్బ్యురేటరు, అల్యూమినియపు గాలిగొట్టములు, పొగకు రెండు దారులు, పెద్ద రేడియేటరు అమర్చిరి. మొదటిసారి ఇంజను నడిపినపుడు క్యామ్ కడ్డీ సమముగ ఒరసికొనుటకై ఇరువది నిమిషములు వేగమును తగ్గనీయక ఉంచవలెనట. ఆ ఇరువది నిమిషములు మా మనుమడు చెవులు మూసికొని గంతులు వేయుచునే యుండెను.

బలమును కొలుచు యంత్రము మీద నిలిపినపుడు చక్రముల యొద్ద 210 అశ్వశక్తి తేలినది. అల్లుని ముఖము చిన్నబోయినది. అప్పుడు అమ్మాయి చెప్పిన మాట అందఱును తెలిసికొనదగినది. 1971 వఱకు అమెరికా కంపెనీలు ప్రకటించిన అంకెలు, ఇంజనును బండి నుండి విడిగా బల్లమీద నిలిపి, దానికి భారమగు పంకా మొదలైన వానిని తీసి కొలిచినవి. 1972 నుండి అన్నియు తగిలించి కొలుచు పద్ధతి వచ్చినది. చక్రముల యొద్ద కొలుచునపుడు గేరుబాక్సు, ఇరుసులలో కొంత బలము ఖర్చగుటచే అంకె ఇంకను తగ్గును. కావున మా 210, ఈ బండి పుట్టిననాడు కంపెనీవారు ఎనిమిది సిలిండర్ల సాధారణ ఇంజనునకు చెప్పిన 200 కంటె నిజముగ ఎంతయో ఎక్కువ. అంకెను చూచి మురియుటకు గాని, ఏడ్చుటకు గాని ముందు, అది ఎచ్చట కొలిచినదో యడుగవలెను.

తొలిపరుగు ఒక ఖాళీ మైదానమున జరిగినది. అల్లుడు వేగమును పరీక్షించలేదు. 30 మైళ్ల యొద్ద నొకసారి, 40 యొద్ద నొకసారి, 60 యొద్ద మూడుసార్లు బ్రేకు త్రొక్కి, బండి ఏ ప్రక్కకైనను లాగుచున్నదేమో చూచెను. అతడు దిగి వచ్చి తాళపుచెవిని భార్య చేతిలో పెట్టెను.

ఆ ప్రాంతమున ఉడ్‌వర్డ్ అవెన్యూ అను రాజమార్గమున్నది. 1995 నుండి ఆగస్టు మాసమున పాత కార్లవారు అచ్చట చేరి ఊరేగింపుగా నడుపుదురు. ఈ యేడు మేమును పోయితిమి. అమ్మాయి నడుపుచుండెను, అల్లుడు ఆమె ప్రక్కన, నేను, మనుమడు వెనుక. ఇరుప్రక్కల జనులు కుర్చీలు వేసికొని కూర్చుండి చేతులూపుచుండిరి. ఒకచోట ముందు పోవు బండి ఆకస్మికముగ నిలిచెను. అమ్మాయి బ్రేకు త్రొక్కెను. మా బండి తిన్నగ, వంకర పోక, రెండు బారల దూరము మిగుల్చుకొని ఆగెను. మనుమని చేతిలోని కాగితపు జెండా మాత్రము జాఱిపడినది. వాడు వంగి తీసికొని మరల ఊపసాగెను. అల్లుడు వెనుకకు తిరిగి నన్ను చూచెను. ఏమియు అనలేదు. నేనును అనలేదు.

సోదరీమణులారా! మీ యింట మస్టాంగు ఉండనక్కఱలేదు. పాత స్కూటరు ఉండవచ్చును, తాతగారి అంబాసిడరు ఉండవచ్చును, లేదా తమ్ముడు క్రొత్తగా కొనిన మోటారు సైకిలు ఉండవచ్చును. దానికి బలము చేర్చెదనని ఎవరైనను చెప్పినపుడు ఈ ప్రశ్నలను అడుగుడు. బ్రేకులు ఎవరు చూచిరి, ఎప్పుడు చూచిరి? గొట్టములు రబ్బరువైనచో వాని వయసెంత? టైరు మీది నాలుగంకెలు ఏమి చెప్పుచున్నవి? రంగు క్రింద ఇనుమున్నదా, తుప్పున్నదా? ఈ మార్పునకు రవాణా అధికారుల అనుమతి కలదా? మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, వాహనము తయారైన విధమునకు భిన్నముగ ఇష్టము వచ్చినట్లు మార్పులు చేయుట చెల్లదు. ఈ ప్రశ్నలు అడుగుటకు యంత్రశాస్త్రము చదువనక్కఱలేదు. మా అమ్మాయి ఆ సాయంకాలము మొట్టమొదట చేసిన పని నట్లు లెక్కించుట. నాలుగునకు, ఐదునకు భేదము మనకందఱకును తెలియును.

పిల్లల ముచ్చటను కాదనకుడు. అల్లుడు గోడమీది బొమ్మను ఇరువదేండ్లు మనసున దాచుకొనెను. ఆ ముచ్చట తీఱుట నాకును సంతోషమే. కాని ముచ్చటకు ఒక వరుస కలదని చెప్పుడు. కోడెలను కొనుటకు ముందు ఇరుసును చూడవలెను. ఆ మాట మా బాబాయితో చెప్పినది వడ్రంగి యొక్కడే. ఇంటిలోని ఆడవారము ఎవ్వరమును చెప్పలేదు. అది మా పని కాదనుకొంటిమి.

వచ్చు మాసమున దీపావళి పిండివంటలను గూర్చి వ్రాసెదను.

ఇట్లు,
మీ పెద్దక్క